ఎదురింటి తిన్నె మీద ఎర్ర గీతలు

అద్దాల భాయ్ పోయినాడని నాకు చెప్పింది వాళ్ళింటోళ్ళు కాదు, పూతలపట్టు కాడ టీ అంగడాయన. చిత్తూరులో పని ముగించుకుని తిరపతికి వచ్చేటప్పుడు ఆ మలుపులో కారాపడం నాకు అలవాటు. టీ చేతికి తీసుకుని, ఊరికే అడిగినట్టు, "మా భాయ్ ఈ మధ్య ఇట్ల వచ్చినాడా?" అన్నాను. ఆయన గ్లాసులు కడుగుతా తలెత్తకుండానే, "మీకు తెలీదా సార్? వచ్చే శుక్రవారానికి నలభై దినాలు గదా" అన్నాడు.

అబద్ధం ఎందుకు చెప్పాల, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఇంగ నన్ను ఆ మాట అడిగేవాడు ఈ లోకంలో లేడని ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది. మరుక్షణం నా మీద నాకే అసహ్యమేసింది. టీ సగంలోనే పారబోసి కారెక్కినాను.

ఆ మాట ఏందో చెప్తాను. దానికి ముందు మనిషిని చెప్పాల.

చిత్తూరు మనిషి. తాత కాలం నుంచీ అద్దాల పనే. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. గాజుతో మాత్రం ఏ భాషా మాట్లాడడు, వింటాడు. కొత్త గాజు చేతికొస్తే నాలుగు మూలలా గోరుతో కొట్టి చెవి ఆనిస్తాడు. కంటికి కనపడని నెర్రె యాడన్నా ఉంటే ఆయనకు తెలిసిపోతాది. చిన్న గాజులైతే దుప్పట్లో చుట్టి, బస్సులో మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తిరపతికి తెచ్చేవాడు. పూతలపట్టులో దిగి, టీ తాగేముందు దుప్పటి విప్పి, మళ్ళీ నాలుగు మూలలా కొట్టి చూసేవాడు. "మనుషుల కంటే ముందు గాజును పలకరిస్తాడు సార్" అని టీ అంగడాయన నవ్వేవాడు.

చేతుల మీద తెల్లటి సన్న గాట్లు లెక్కలేనన్ని. "ఇంత కోసిందా భాయ్ గాజు?" అని ఒకసారి అడిగినాను. "గాజు కొయ్యలేదు అయివోరా, తొందర కోసింది" అన్నాడు. మా పక్క బడిపంతుల్ని అయివోరు అంటారు. నేను ముప్ఫై ఏండ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. తొందర నాకు పుట్టుకతో వచ్చిన రోగం. ముక్కు మీద కోపం, నాలుక మీద పాఠం, ఇదీ నా సంగతి. మా ఆవిడను అడిగితే ఇంకా చెప్తుంది.

నలభై ఏండ్ల పనిలో తన చేత్తో ఒక్క గాజూ పగల్లేదని ఆయన చెప్పుకునేవాడు. ఆ మనిషికి ఉండే గర్వమంతా అదొక్కటే. టోపీ కింద చెవి సందులో ఎప్పుడూ ఒక ఎర్ర మైనపు పెన్సిలు. గాజు బిగించినాక దాని మీద అడ్డంగా, నిలువుగా కాకుండా, మూలకు మూల కలిపి పెద్ద గుర్తొకటి గీసి, "పది దినాలు తుడవద్దండి. ఈడ గాజుండాదని ఇంట్లోవాళ్ళకు అలవాటు కావాల" అని చెప్పి పోయేవాడు.

ఇంగ అసలు పద్ధతి. ఏ ఇంటికి కిటికీ కొలతలకు పిలిచినా ఆయన ముందు ఆ ఇంట్లోకి పోడు. రోడ్డు దాటి ఎదురింటికి పోతాడు. ఆ ఇంటి తిన్నె మీద కూర్చుని, ఆళ్ళనే మంచినీళ్ళడిగి తాగి, ఆడి నుంచి ఈ కిటికీ పక్క చూస్తా ఉంటాడు. ఒక్కోసారి గంట. పిలిచినోళ్ళకు తిక్కరేగుతాది. "పని సెప్పేది మీరు. పనిని మోసేది ఎదురింటాయన" అంటాడు. ఆ మాట నేను చాలామందికి చెప్పి నవ్వించినాను. తిక్క మనిషి అని దాని భావం.

రెండేండ్ల కిందట ఎండాకాలంలో మా ఆవిడకు ఇంట్లోనే వడదెబ్బ తగిలింది. మాది మిద్దిల్లు. కింద కారు పెట్టుకుంటాము, పైన కాపురం. మంచాలుండే గది కిటికీ పడమటికి. ఆ కిటికీ మా ఇంటికి కొలిమి నోరు. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా ఎండ సక్కగా లోపలికొచ్చి పడుకుంటాది. ఏసీ ఆడతానే ఉంటాది, గోడలు కాలతానే ఉంటాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "గుండె కూడా బలహీనంగా ఉంది. ఇంకో వడదెబ్బ తట్టుకోలేదు, గది చల్లగా ఉండేటట్టు చూసుకోండి" అని చెప్పింది. ఆ మాట నా చెవిలో ఏడాది పొడుగునా మోగింది. మళ్ళీ ఉగాది పోయిన పది దినాలకు భాయ్‌ను పిలిపించినాను.

వచ్చినాడు. మామూలే, రోడ్డు దాటినాడు.

మా ఎదురిల్లు చిన్న రేకులిల్లు. ఆ ఇంటాయన సున్నం కొట్టే మనిషి. మా వీధిలో ఆయన చెయ్యి పడని గోడ లేదు. ఆయన పెండ్లాం పూలంగట్లో దండలు కడతాది. కొడుకు నా దగ్గరే చదువుకున్నాడు, ఇప్పుడు బెంగుళూరులో లారీ తోలుతాడు. ఆ వీధి సందు పదిహేనడుగులు. మధ్యాహ్నం దాటితే వాళ్ళ తిన్నె మీదికి వాళ్ళింటి నీడే పడతాది. రేకుల కింద ఉండలేక ఎండాకాలంలో పని లేని మధ్యాహ్నాలన్నీ ఆయన ఆ నీడలోనే బతుకుతాడు.

మూడు గంటలకు భాయ్ ఒక అద్దం ముక్క నా చేతికిచ్చి, "కిటికీలో నిలబడి, దాని ఒక్కో మూలలో దీన్ని పట్టుకోండి. నేను సెప్పేదాకా కదలగూడదు" అని ఎదురింటి తిన్నె కాడికి పోయినాడు. నా చేతిలో అద్దం మీద పడిన ఎండ పోయి వాళ్ళ తిన్నె అంచున పడింది. ఆయన పెన్సిలుతో గుర్తు పెట్టినాడు. పై మూల, కింది మూల, అన్నీ అయినాక గీతలు కలిపితే ఒక గడి వచ్చింది. నాలుగు గంటలకు మళ్ళీ నిలబెట్టినాడు. ఈసారి గడి తిన్నె నడుమ పడింది. ఐదు గంటలకు గోడ మీద, తలుపు పక్కన. తప్పు చేసిన పిల్లకాయ బెంచీ ఎక్కినట్టు మూడుసార్లు ఆ కిటికీలో నిలబడినాను. నాకు మండుకొస్తా ఉండాది. సున్నమాయన మాత్రం నవ్వుతా, "ఏం భాయ్, నా గోడకు ముగ్గేస్తా ఉండావే" అన్నాడు. "తుడవద్దన్నా, కొన్నాళ్ళుండనీ" అన్నాడు భాయ్.

ఆ తరువాత పైకొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పినాడు. "మద్రాసు నుంచి రెండు పొరల గాజు తెప్పిస్తా. నడుమ గాలి ఉంటాది, ఏడి లోపలికి రాదు. బయట పక్క చెక్క రెక్కల తడికె కడతా. ఎండ గాజు దాకా రాకముందే ఆగిపోవాల. ఇరవై దినాలు పడతాది. అద్దం మాదిరి మెరిసే గాజు మాత్రం వద్దు అయివోరా."

"ఎందుకు వద్దు? అదైతే రేపే దొరుకుతుంది గదా?"

"ఎండ యాడికీ పోదు. మనం తోసేస్తే ఇంకోరి మీదికి పోతాది."

నాకు రేగింది. "వెలుతురు సంగతి నాకే చెప్తావా భాయ్?" అన్నాను. ముప్ఫై ఏండ్లు నల్లబల్ల మీద గీసినాను నేను. కిరణం ఏ కోణంలో వచ్చి తగిలితే అదే కోణంలో తిరిగిపోతాది. పతన కోణం, పరావర్తన కోణం సమానం. నిద్రలో లేపినా చెప్తాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. చిత్తూరులో తన వయసు కాలంలో ఒక పెద్ద అంగడికి మెరిసే అద్దం బిగించినాడంట. రోడ్డుకు అవతల ఒక చిలక జోస్యమాయన కూర్చునేవాడంట, పంజరం పక్కన పెట్టుకుని. రెండో దినం మధ్యాహ్నం ఆయన అన్నం తినేదానికి పోయి వచ్చేలోపల పంజరంలో చిలక చచ్చి పడుండాది. "ఎండ గోడ మీద ఇట్లా పాకతా పాకతా వచ్చి పంజరం మీద నిలబడింది. నేను సూసినా అయివోరా, అంగట్లో నుంచి. అది ఎగురులాడతా ఉంటే ఆడుకుంటా ఉండాది అనుకున్నా."

"చిలక కోసమా భాయ్ ఇంత?" అని నేను నవ్వినాను.

"సెప్పలేనిది గదా. కాలతా ఉండాదని అదేం సెప్తాది" అన్నాడు. నేను నవ్వుతానే ఉన్నాను. నా నవ్వు అయిపోయేదాకా ఆగి, లేచి, రెండు పొరల గాజు కొలతలు రాసుకుని పోయినాడు.

ఇరవై దినాలు నేను ఆగలేదు. మూడో దినమే మా ఆవిడ తల తిరుగుతోందని మంచం పట్టుకుంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బైపాసు రోడ్డులో కొత్తగా పెట్టిన అంగడికి పోయినాను. ఆ పిల్లోడు ఒక పెద్ద దీపం వెలిగించి, ముందర మెరిసే నీలం అద్దం పెట్టి, వెనక నా చెయ్యి పెట్టమన్నాడు. నిజంగానే వేడి తగల్లేదు. అద్దానికి దీపముండే పక్క ఎవురి చెయ్యీ పెట్టి చూడలేదు, నాకూ తోచలేదు. మరుసటి దినం సాయంత్రానికి బిగించేసిపోయినారు. సందు లేకుండా అంచులన్నీ మూసేసినారు. భాయ్‌కు ఫోను చేసి, "పని అయిపోయింది, నీ గాజు వద్దు" అని చెప్పినాను. "సరే" అన్నాడు అంతే.

గది చల్లబడింది. అది మాత్రం నిజం. మా ఆవిడ మొగంలో నెత్తురు కనిపించింది. "ఎంత హాయిగా ఉండాదో సూడండి, వీధిలో సప్పుడు కూడా రాదు" అంది. మధ్యాహ్నం అన్నాలు తిని, తెరలు దించి, కాలింగు బెల్లు స్విచ్చి ఆపేసి, ఫోన్లు ముందు గదిలో పెట్టేసి పడుకునేవాళ్ళం. ఏడాదిగా భయంతో చచ్చినోణ్ణి, కంటి నిండా నిద్రపోయినాను.

ఒక దినం మాత్రం మెలకువ వచ్చి తెర తీసి చూసినాను. భాయ్ ఎదురింటి తిన్నె కాడ నిలబడుండాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని మా కిటికీనే చూస్తా ఉండాడు. ఆ అద్దంలో బయటినుంచి లోపల మనిషి కనపడడు. అయినా నేను పక్కకు తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానో నాకు తెలుసు. కాసేపటికి మళ్ళీ చూస్తే ఆయన లేడు.

ఆ వారంలోనే సున్నమాయన కనపడినాడు. "ఈ ఏడు ఎండ కొంచం ఎక్కవే అయివోరా. ఇంట్లో ఉండేదానికే దిగులుగా ఉండాది. రేకులకు సున్నం కొడతా, అప్పుడన్నా సల్లబడతాదేమో" అన్నాడు. నేనేం చేసినాను? భూమి ఎట్లా వేడెక్కుతోందో నిలబెట్టి పావుగంట పాఠం చెప్పినాను. ఆయన తల ఊపుతా విన్నాడు. కొడుకుకు చదువు చెప్పిన అయివోరి ముందర ఆ మనిషి గొంతు పెంచి మాట్లాడింది లేదు. మీ కిటికీ నుంచి ఎండ మా మీద పడతా ఉండాదని ఎట్ల చెప్తాడు?

రెండు దినాలకు సున్నం బక్కెట్టుతో రేకులెక్కి జారి పడినాడు. జీవితమంతా నిచ్చెనల మీద బతికిన మనిషి. తొడెముక విరిగింది. కొడుకు వచ్చి పుత్తూరు నాటువైద్యుల కాడికి తీసకపోయి కట్టు కట్టించినాడు. వెదురు బద్దలు, పసరు, బట్ట, నడుము దాకా కట్టు. నెలన్నర కదలగూడదు. కొడుకు సెలవు అయిపోయి వెళ్ళిపోయినాడు. ఆమె పొద్దున మొగునికి అన్నం పెట్టి, పన్నెండు దాటి నీడ పడగానే బొంతతో సహా తిన్నె మీదికి మెల్లగా లాగి, చెంబుతో నీళ్ళు పక్కన పెట్టి పూలంగడికి పోయేది. రేకుల కింద పెట్టి పోతే ఉడికిపోతాడని భయం. తిన్నె మీద నీడుంటాది కదా అని ఆమె ధైర్యం. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఆ తిన్నె మీద ఏం జరుగుతోందో చూసేదానికి ఆమె ఆడ ఉండదు. నేను ఉంటాను, తెరలు దించుకుని.

ఆమె వచ్చేసరికి ఆయన చెమటలో తడిసి, మొగం కందిపోయి ఉండేవాడంట. "కట్టు ఏడి" అనేవాడంట. మా కిటికీ మాట ఆమె కాడ కూడా ఎత్తలేదు. ఆమె పసరు గుణమేమో అనుకుంది.

ఆ దినం ఎండ రంగే మారిపోయింది. తిరపతి వీధుల్లో కుక్క కూడా కదల్లేదు. మేము పడుకున్నాము. నా నిద్రలో పెద్ద చప్పుడు. లేచి చూస్తే తెర ఊగుతోంది, కింద నీలం అద్దం పెంకులు, నడుమ పిడికెడంత రాయి. కిటికీలో నుంచి సెగ కొట్టింది. ఆ సెగతోబాటే వీధి చప్పుడూ లోపలికొచ్చింది. "అయివోరా, అయివోరా" అని గొంతు చించుకుని అరుస్తా ఉండేది భాయ్. ఎంతసేపటి నుంచి అరుస్తా ఉండాడో, ఆ గొంతు గొంతులా లేదు.

తెర అడ్డముండబట్టి పెంకులు మా మీద పడలేదు. నేను మెట్లు దిగి ఉరికినాను. భాయ్ అప్పటికే సున్నమాయన్ను బొంతతో సహా తలుపు లోపలికి లాగినాడు, నీళ్ళు పోసినాడు. కట్టు కాలితో ఆ మనిషిని ఒక్కడు ఎత్తలేడు. వీధిలో ఏ తలుపూ తెరుచుకోలేదు, అందరి ఇళ్ళల్లో ఏసీలు. ఆటో లేదు. మా గేటు తాళం, బెల్లు పలకదు. నలభై ఏండ్లుగా ఒక్క గాజూ పగలగొట్టని మనిషి అప్పుడు రాయి తీసుకున్నాడు.

కారు వెనక సీటులో పడుకోబెట్టినాము. ఆయన తల భాయ్ ఒళ్ళో ఉండాది. ఒళ్ళు పొయ్యి మీద పెనంలా కాలతా ఉండాది. దోవలో ఒకసారి కండ్లు తెరిచినాడు. నన్ను గుర్తుపట్టి, సగం సగం మాటల్లో, "పిలిచినా అయివోరా... నిద్రపోతా ఉండారేమో అనుకున్నా... పోన్లే" అన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ముందుకే చూసినాను.

మూడో దినం పొద్దున సున్నమాయన పోయినాడు. వడదెబ్బ అని రాసినారు. ఆ ఏడు ఎండకు పోయినోళ్ళు ఇంకా ఉండారు కాబట్టి ఎవురూ ఆశ్చర్యపడలేదు. కర్మ అయినాక ఆమె మా గేటు కాడికొచ్చి, చేతులు జోడించి, "మీ కారు లేకుంటే ఆసుపత్రి మొగం కూడా సూసేవాడు కాదు అయివోరా. మీ రుణం ఉంచుకోము" అంది. భాయ్ నా పక్కనే ఉండాడు. నా మొగం చూసినాడు. నేను తేలు కుట్టిన దొంగ మాదిరి గమ్మున తల వంచుకున్నాను.

ఆమె పోయినాక నేను రోడ్డు దాటి ఆ తిన్నె చూసినాను. ఎర్ర గడులు అట్లనే ఉండాయి. సూర్యుడు ఉత్తరానికి జరిగినాడు కాబట్టి అసలు ఎండ మూరెడు పక్కకు పడుంటాది. ఆ మూరెడు తప్ప, ఆయన గీసిన తావులోనే, ఆయన చెప్పిన గంటకే. నల్లబల్ల మీద నేను గీసిందీ అదే. నాది పరీక్షలో మార్కులొచ్చేదానికి పనికొచ్చింది.

ఆ వడదెబ్బ దినం భాయ్ ఎందుకొచ్చినాడో ఆ తరువాత తెలిసింది. నేను వద్దన్నా ఆయన రెండు పొరల గాజు తెప్పించినాడు. వచ్చిందని చెప్పేదానికి వచ్చినాడు. ముందు రోడ్డు అవతలికి పోవడం అలవాటు కాబట్టి తిన్నె కాడికి పోయినాడు. లేకుంటే సున్నమాయన ఆసుపత్రి దాకా కూడా వచ్చుండడు.

సున్నమాయన పోయిన పదిహేనో దినం భాయ్ వచ్చి ఆ గాజు బిగించినాడు. బయట చెక్క రెక్కల తడికె కట్టినాడు. దాంతో ఎండ గాజును తాకకుండానే ఆగిపోయింది. అన్నీ అయినాక ఎర్ర పెన్సిలుతో గుర్తు గీసి, మెట్ల మీద నిలబడి, "గాజు నేను బిగించినా. మాట మీరు సెప్పాల" అన్నాడు.

"ఏం మాట భాయ్?"

"ఆయమ్మకు తెలియాల గదా. ఆమె తిన్నె మీదికి లాగి పడుకోబెట్టి పోయింది. నీడలో పెట్టినా ఎట్ల పోయినాడా అని సచ్చేదాకా అనుకుంటా ఉంటాది."

చెప్తానన్నాను. చెప్పలేదు.

అప్పటి నుంచి యాడ కనపడినా ఒకటే మాట. బస్టాండులో గాజు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని, "సెప్పినారా అయివోరా?" ఏర్పేడు కాడ ఏదో కొత్త కట్టడం పనికి పోతా ఫోను చేసి, "సెప్పినారా?" బజారులో నలుగురిలో ఉంటే అడగడు, కంటితో అడుగుతాడు. "లేదు భాయ్" అంటే "సరే" అంటాడు. తిట్టడు, దెప్పడు. తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి తప్పించుకుందును. ముప్ఫై ఏండ్లు నిజం చెప్పమని పిల్లకాయలకు బెత్తం చూపించినోణ్ణి. చెప్తే ఆమెకు ఏం ఒరుగుతాది, పుండు మీద కారం గదా, ఆ అద్దం వల్లే అని ఏం రుజువు, మా ఆవిడ గుండె ఏం కావాల అని నాకు నేను ఎన్ని పాఠాలు చెప్పుకున్నానో.

ఆఖరుగా చూసింది ఈ పూతలపట్టు టీ అంగడి కాడనే. సన్నబడినాడు, దగ్గు. చేతిలో గాజు లేదు. పెన్సిలు మాత్రం చెవి సందులో ఉండాది. "సెప్పినారా?" అన్నాడు. "నువ్వే చెప్పు భాయ్, నీకూ తెలుసు గదా" అని విసుక్కున్నాను. టీ సాసరులో పోసుకుని తాగి, "నేనెట్ల సెప్తా అయివోరా. ఆయన పిలిచింది మిమ్మల్ని" అన్నాడు. అదే ఆఖరి మాట.

ఈ దినం పూతలపట్టులో కారెక్కి తిరపతిలో దిగేసరికి నాలుగైంది. గేటు కాడ ఆపినాను. ఎదురింటామె కొంగు నడుముకు దోపి గోడకు సున్నం కొడతా ఉండాది. మొగుడు వదిలిపోయిన కుంచె, మొగుడు వదిలిపోయిన బక్కెట్టు. వచ్చే వారం ఆయన ఏడాది దినం.

నన్ను చూసి కుంచె దించింది. "అయివోరా, ఒకసారి ఇట్ల సూడండి. మూడుసార్లు కొట్టినా. ఈ గీతల కాడ సున్నం నిలబడదు, జారిపోతాది. ఎర్రగా మళ్ళా పైకొస్తాది. ఆయనుంటే ఎందుకో సెప్పుండేవాడు. మీరు సదువుకున్నోరు, మీకు తెలిసుండాల."

నాకు తెలుసు. మైనం మీద తడి పట్టదు, అందుకే సున్నం నిలవదు. రెండు ముక్కల్లో చెప్పి మెట్లెక్కిపోవచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. పైన మా కిటికీ చెక్క రెక్కల వెనక చల్లగా మూసుకుని ఉండాది. లోపల మా ఆవిడ నిద్రపోతా ఉంటాది. ఈ సందులో నుంచి, ఇంత దిగువ నుంచి, నేను నా కిటికీని ఎప్పుడూ చూసిందే లేదు.

రోడ్డు దాటినాను. తిన్నె మీద, ఎర్ర గడి పక్కన కూర్చున్నాను. మంచినీళ్ళడిగితే తెచ్చిచ్చింది. తాగినాను.

"కూర్చోమ్మా" అన్నాను. "ఈ గీతలు గీసిన దినం, ఆ కిటికీలో అద్దం పట్టుకుని నిలబడింది నేనే."